డేగా, ఇంకోటా? జామచెట్టు మీద పిట్ట పేరు చెప్పండి (3 ఫొటోలు)

మంజీర_ఒడ్డు
మాది సంగారెడ్డి దగ్గర ఊరు. కొన్ని రోజులుగా ఈ పిట్ట పొద్దున్నే మా పెరట్లో జామచెట్టు మీదకు వస్తోంది. ఫోనుతో తీసిన ఫొటోలు, జూమ్ బాగా లాగాను. మొదటిది పక్క నుంచి తీసింది, వెనకాల ఎండ ఉంది. రెండోదాంట్లో వీపు, మూడోదాంట్లో పొట్ట కనిపిస్తాయి.

పావురమంత ఉంటుంది. వీపు బూడిద రంగు, పొట్ట మీద అడ్డచారలు, తోక మీద కూడా చారలే. కంటి చుట్టూ పసుపు. ఫొటో పెడితే పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్‌లో పెడితే పైన శిక్రా (చిన్న డేగ), దాని కింద కామన్ హాక్ కుకూ చూపించింది. మా తమ్ముడు డేగే అంటున్నాడు.

పేరు త్వరగా కావాలి. పక్కింటి పెద్దాయన కోడిపిల్లలు మాయమవుతున్నాయి. ఇదే ఎత్తుకుపోతోందని మనవడి చేతికి ఉండేలు ఇచ్చి కాపలా పెట్టాడు. నాకు అదే టెన్షన్.

గూడబాతు
శిక్రా. పొట్ట మీద ఆ చారలు చూశాక ఇంకా అనుమానం ఎందుకు? మా కాలనీలో కరెంటు తీగల మీద రోజూ చూస్తుంటాను.

కొబ్బరాకు
కోడిపిల్లలు పోతున్నాయంటే డేగే. ఇంకేం సాక్ష్యం కావాలి?

నల్లమల_నడక
ఈ ఒక్క పిట్ట విషయంలో మాత్రం తొందర వద్దు. పొట్ట మీద చారలు, బూడిద వీపు, చారల తోక, పావురమంత సైజు... ఇవన్నీ శిక్రాకీ ఉంటాయి, హాక్ కుకూకీ ఉంటాయి. హాక్ కుకూ (హిందీలో పపీహా అంటారు) కోకిల జాతిది. ఎగిరే తీరు, కొమ్మ మీద వాలే తీరు కూడా అచ్చం శిక్రాలాగే ఉంటాయి. అది వస్తుంటే చిన్న పిట్టలు డేగ వచ్చిందనుకుని గోల చేస్తాయి. కాబట్టి రంగులు పక్కన పెట్టి, ఆకారం చూడాలి.

మొదట ముక్కు. శిక్రాది పొట్టిగా ఉండి మొదలు నుంచే కిందికి వంగిపోతుంది, మాంసం చీల్చే ముక్కు. హాక్ కుకూది దాదాపు తిన్నగా వెళ్లి చివర్లో మాత్రం కొద్దిగా వంగుతుంది. తర్వాత కాళ్లు. శిక్రాకి పొడవాటి పసుపు కాళ్లు ఈకల్లేకుండా బయటికి కనిపిస్తాయి. హాక్ కుకూ కాళ్లు పొట్టి, కూర్చుంటే పొట్ట ఈకల కింద దాగిపోతాయి. కొమ్మను పట్టుకున్న వేళ్లు కనిపిస్తే ఇంకా మంచిది: డేగకు ముందు మూడు, వెనక ఒకటి. కోకిల జాతికి ముందు రెండు, వెనక రెండు.

కూర్చునే తీరు కూడా చూడండి. శిక్రా నిటారుగా ఉంటుంది. హాక్ కుకూ కొంచెం ముందుకు వాలి, రెక్కలు కిందికి జారవిడిచి కూర్చుంటుంది.

మీ మొదటి ఫొటోలో ముక్కు ఎండలో కలిసిపోయింది. మూడోదాంట్లో కాళ్లకు ఆకు అడ్డం వచ్చింది. కంటి చుట్టూ అంత స్పష్టంగా పసుపు వలయం ఉండటం చూసి నేను హాక్ కుకూ వైపే మొగ్గుతున్నాను. కానీ ఇప్పుడే ఖాయం చేయను. ఇంకో ఫొటో దొరుకుతుందా అక్కా?

గూడబాతు
ముక్కు మొదట్లో పసుపు కనిపిస్తోంది కదా? డేగలకు ముక్కు మీద ఉండే పసుపు చర్మం, సియర్ అంటారు. కోకిలకు సియర్ ఎక్కడిది?

నల్లమల_నడక
హాక్ కుకూ ముక్కు పైన నల్లగా, మొదట్లోనూ కిందా పసుపు పచ్చగా ఉంటుంది. ఇంత చిన్న ఫొటోలో అది సియర్‌లాగే కనిపిస్తుంది. అందుకే రంగు కాదు, వంపు చూడమన్నాను.

పిక్సెల్_బాబు
ఇంత చర్చ ఎందుకు? మొదటి ఫొటోను ఏఐ యాప్‌లో వేసి నాలుగింతలు పెద్దది చేశాను, చూడండి. ప్రతి ఈకా లెక్కపెట్టొచ్చు. ముక్కు కొక్కెంలా వంగి స్పష్టంగా ఉంది. శిక్రానే.

గూడబాతు
అదీ. నేను చెప్పింది అదే కదా.

వేకువజాము
పిక్సెల్_బాబు, దయచేసి ఆ ఫొటో తీసేయండి. మంచి ఉద్దేశంతోనే చేశారు, కానీ దానివల్ల ఈ చర్చ మొత్తం తప్పుదారి పడుతుంది.

అసలు ఫొటోలో ముక్కు ఉన్న చోట బూడిద రంగు చుక్కలు తప్ప ఏమీ లేవు. లేని సమాచారాన్ని ఏ యాప్ అయినా బయటికి తీయలేదు. అంతకుముందు తనకు చూపించిన వేల ఫొటోలను బట్టి ఇక్కడ ఏముండవచ్చో ఊహించి గీస్తుంది. చారల పొట్ట, పసుపు కన్ను చూసి డేగ అని లెక్కేసుకుని డేగ ముక్కు పెట్టింది. మనకు తెలియాల్సింది సరిగ్గా ఆ ముక్కు గురించే. దాన్ని యంత్రం గీసి ఇస్తే, దాన్నే మనం సాక్ష్యంగా తీసుకోవడం ఏమిటి?

కొత్త ఫోన్లలో ఈ పని మనం అడగకుండానే జరిగిపోతోంది. జూమ్ ఒక హద్దు దాటగానే ఫోను తనంతట తానే ఈకలకు గీతలు పెడుతుంది, నున్నగా చేస్తుంది. మంజీర గారూ, మీ ఫోనులో అలాంటి సెట్టింగ్ ఉంటే ఆపేసి, జూమ్ తక్కువ పెట్టి తీయండి. పిట్ట చిన్నగా పడినా పర్వాలేదు, తర్వాత కత్తిరించుకోవచ్చు.

పిక్సెల్_బాబు
అయితే వెలుతురు పెంచడం కూడా తప్పేనా? అందరూ చేసేదే కదా.

వేకువజాము
అది తప్పు కాదు. నీడలో ఉన్న భాగాన్ని వెలుతురులోకి తేవడం, కత్తిరించడం, కాంట్రాస్ట్ కొద్దిగా సర్దడం, ఇవన్నీ ఉన్నదాన్ని చూపించేవి. ఈ మొదటి ఫొటోకి అవి చేస్తే మేలు కూడా. లేనిదాన్ని చేర్చేది మాత్రం వద్దు. రంగుల ఫిల్టర్లూ వద్దు. సాయంత్రం ఎండలోనే తెల్ల పొట్ట నారింజ రంగులో కనిపిస్తుంది, దానికి ఫిల్టర్ తోడైతే ఇక ఏ రంగునూ నమ్మలేం.

పిక్సెల్_బాబు
సరే, తీసేశాను. మామూలుగా నీడలు పెంచిన వెర్షన్ పెడుతున్నాను. ముక్కు ఇందులో కూడా తేలలేదు.

డాలస్_దారి
నేను దీని మీద ఓటు వేయను కానీ, మెర్లిన్ గురించి ఒక మాట. ఫొటో పెట్టేటప్పుడు అది తేదీ, చోటు అడుగుతుంది. చాలామంది అవి ఇవ్వకుండా దాటేస్తారు. మా అమ్మ గుంటూరు నుంచి పంపిన ఫొటోకి నేను ఇక్కడ టెక్సస్ లొకేషన్‌తో చూస్తే అంతా ఇక్కడి పిట్టలే వచ్చాయి. చోటు మార్చగానే సరైన జాబితా వచ్చింది.

మంజీర_ఒడ్డు
చోటు, తేదీ ఇచ్చాను. రేపు పొద్దున్న మళ్లీ ప్రయత్నిస్తాను.

లెక్కల_మాస్టారు
సందర్భం వచ్చింది కాబట్టి అడుగుతున్నా. దమ్ము చేస్తుంటే ట్రాక్టరు వెనకాల చేరిన కొంగలు ఇవి, తణుకు దగ్గర తీశాను. అన్నీ తెల్లకొంగలే అని మేము అంటాం. యాప్ మాత్రం ఒక్కోదానికి ఒక్కో పేరు చెబుతోంది. ఏది నమ్మాలి?

దమ్ముచేను
మాస్టారూ, యాప్ చెప్పిందే నిజం కావచ్చు, మీ ఫొటోలో కనీసం మూడు రకాలున్నాయి. తల, మెడ నారింజ రంగులో ఉన్న పొట్టి మెడవి క్యాటిల్ ఎగ్రెట్లు, పశువుల వెనక తిరిగేవి. ఇది అవి గుడ్లు పెట్టే కాలం, ఆ రంగులో ఉంటాయి కాబట్టి గుర్తుపట్టడం తేలిక. ఎడమ చివర నల్ల ముక్కుతో ఉన్నది లిటిల్ ఎగ్రెట్. అది బురదలోంచి కాలు ఎత్తే దాకా ఆగి ఫొటో తీయాలి. కాళ్లు నల్లగా, పాదాలు మాత్రం పసుపుగా ఉంటాయి. బురదలో నిలబడితే ఆ గుర్తు పోతుంది.

వెనక ఉన్న పొడవాటిది చూడండి. దానికి నోటి గీత ఎక్కడ ఆగుతుందో చూడాలి. కంటి కిందే ఆగితే ఇంటర్మీడియట్ ఎగ్రెట్, కన్ను దాటి వెనక్కి పోతే గ్రేట్ ఎగ్రెట్. మెడ పొడవును బట్టి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ మెడ ముడుచుకుంటే ఒకలా, చాపితే ఒకలా ఉంటుంది. నోటి గీత మారదు.

లెక్కల_మాస్టారు
పెద్దది చేసి చూశాను. గీత కన్ను దాటి వెనక్కి వెళ్లింది.

దమ్ముచేను
అయితే గ్రేట్ ఎగ్రెట్. దీని ముక్కు రంగు మాత్రం పట్టించుకోవద్దు మాస్టారూ. అది పసుపు నుంచి నలుపుకీ, నలుపు నుంచి పసుపుకీ కాలాన్ని బట్టి మారుతుంది.

గూడబాతు
ఇవన్నీ బాగున్నాయి కానీ జామచెట్టు సంగతి తేలలేదు. నేనింకా శిక్రా దగ్గరే ఉన్నాను.

మంజీర_ఒడ్డు
దొరికింది! ఈసారి మేడ మీద నుంచి తీశాను, ఎండ నా వీపు వైపు ఉంది. నాలుగో ఫొటో పక్క నుంచి, ఐదో ఫొటోలో కొమ్మ మీద వేళ్లు కనిపిస్తున్నాయి. చిన్న వీడియో కూడా ఉంది. వాలగానే తోకను అటూ ఇటూ ఊపుతోంది.

ఇంకోటి. తెల్లవారకముందు ఒక పిట్ట మూడు ముక్కల కూత కూస్తోంది. ఒక్కోసారికి గొంతు పెంచుకుంటూ పోయి, ఇక పెంచలేనంత పైకి వెళ్లి ఠక్కున ఆపేస్తుంది. కొంచెం సేపటికి మళ్లీ మొదలు. వెన్నెల రాత్రి కూడా వినబడింది. ఆడియో పెట్టాను. కూసేది ఇదేనో కాదో తెలియదు, చీకట్లో పిట్ట కనిపించలేదు.

దమ్ముచేను
ఆ కూత విన్నాక మరో మాట లేదు, అది హాక్ కుకూ కూతే. ఎండాకాలం చివర మొదలై వానలంతా కూస్తుంది. ఇంగ్లిష్‌వాళ్లు దీన్ని బ్రెయిన్ ఫీవర్ బర్డ్ అన్నారు. శిక్రా కూత ఇలా ఉండదు, రెండు ముక్కల్లో పదునుగా ఉంటుంది. అయితే ఒక హెచ్చరిక: శిక్రా కూతను ఏట్రింతలు (చీలిన తోక ఉండే నల్ల పిట్టలు, డ్రోంగోలు) బాగా అనుకరిస్తాయి. చెట్టులో శిక్రా కూత వినిపించినంత మాత్రాన అక్కడ శిక్రా ఉందని రాసుకోకూడదు.

నల్లమల_నడక
ఐదో ఫొటో చాలా బాగుంది అక్కా. కొమ్మకు ఇవతల రెండు వేళ్లు, అవతల రెండు. నాలుగో ఫొటోలో ముక్కు తిన్నగా ఉంది. కాళ్లు పొట్ట కింద దాగిపోయాయి. తోక చివర ఎరుపు గోధుమ అంచు ఉంది. వాలగానే తోక అటూ ఇటూ ఊపడం కూడా దీని అలవాటే. కామన్ హాక్ కుకూ, పూర్తిగా ఎదిగిన పిట్ట. పిల్ల అయితే పొట్ట మీద అడ్డచారలకు బదులు బాణం మొనల్లాంటి మచ్చలు ఉంటాయి.

మీ పెరట్లో గుంపులుగా, కీచుకీచుమంటూ నేల మీద ఆకులు తిరగేసే మట్టిరంగు పిట్టలు ఉన్నాయా? బాబ్లర్లు అంటారు. హాక్ కుకూ వాటి గూళ్లలోనే గుడ్లు పెడుతుంది.

మంజీర_ఒడ్డు
ఉన్నాయి! దీని చుట్టూ చేరి అవే గోల చేస్తుంటే డేగను తరుముతున్నాయి అనుకున్నాం ఇంట్లో అందరం.

గూడబాతు
నాలుగు, ఐదు ఫొటోల్లోది హాక్ కుకూ, ఒప్పుకుంటాను. వేళ్లకు ఎదురు చెప్పలేం. కానీ ఒక ప్రశ్న. మొదటి మూడు ఫొటోల్లో ఉన్నది కూడా ఇదే పిట్ట అని ఎలా అనుకుంటున్నారు? వేరే రోజు తీసినవి. ఆ చెట్టు మీద శిక్రా కూడా వచ్చి ఉండొచ్చు కదా.

వేకువజాము
ఇది అడగాల్సిన ప్రశ్నే. ఒకే చెట్టు, ఒకే కొమ్మ కాబట్టి ఒకే పిట్ట అనేయడం చాలా చోట్ల జరిగే పొరపాటు. రికార్డు రాసేటప్పుడు ఏ రోజు ఫొటో ఆ రోజుకే.

నల్లమల_నడక
నిజమే. రెండో ఫొటోలో తోక చివర అదే ఎరుపు అంచు ఉంది కాబట్టి దాన్ని హాక్ కుకూ అనగలను. మూడో ఫొటోలో కంటి వలయం ఉంది, అది కూడా సరే. మొదటిదాన్ని మాత్రం వదిలేద్దాం. ఆ ఒక్క ఫొటోతో ఎవరూ ఏదీ చెప్పలేరు.

కొబ్బరాకు
మరి కోడిపిల్లల్ని తీసుకెళ్తున్నది ఎవరు?

సిద్దిపేట_సైకిల్
హాక్ కుకూ మాత్రం కాదు. దాని తిండి పురుగులు, అందులోనూ వెంట్రుకలున్న గొంగళిపురుగులు. మునగచెట్టు ఉన్నవాళ్లు దాన్ని బతిమాలి పిలుచుకోవాలి.

కోడిపిల్లల్ని ఎత్తుకెళ్లేవి చాలా ఉన్నాయి. ముంగిస, పిల్లి, కాకులు, నల్లగద్ద. శిక్రా కూడా బాగా చిన్న పిల్లల్ని ఎత్తుకెళ్తుంది, కాదనను. కానీ దాని అసలు తిండి తొండలు, బల్లులు, ఎలుకలు, చిన్న పిట్టలు. మా ఇంట్లో పిల్లలు కొంచెం పెద్దవయ్యేదాకా పగలు గంప కింద మూసిపెడతాం, తల్లి కోడితో పాటు. ఉండేలుతో ఒక్క పిట్టను కొట్టినా మిగతా దొంగలు అలాగే ఉంటాయి.

వేకువజాము
ఇంకో మాట చెప్పాలి. ఇది శిక్రా అయినా కొట్టకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండింటికీ వర్తిస్తుంది. "డేగ కాదు, వదిలేయండి" అని చెబితే రేపు నిజంగా శిక్రా వచ్చినప్పుడు ఆ పిల్లాడు ఉండేలు తీస్తాడు. పెద్దాయనకు రెండూ కలిపి చెప్పండి.

మంజీర_ఒడ్డు
సాయంత్రం వీడియో తీసుకెళ్లి చూపించాను. ముక్కు చూసి ఆయనే "ఇది మాంసం తినే ముక్కు కాదు" అన్నాడు. గంప సంగతీ చట్టం సంగతీ చెప్పాను. ఉండేలు అటక మీదకు వెళ్లింది. మనవడు మాత్రం ఇప్పుడు నా ఫోను అడుగుతున్నాడు, ఫొటోలు తీస్తాడట.

డాలస్_దారి
ఇవ్వండి, ఇవ్వండి. మా బంధువుల గ్రూపులో ఎవరో ఒకరు ప్రతి ఏడాదీ "మా పెరట్లో హమ్మింగ్ బర్డ్" అని మందారం మీద వాలిన తేనెపిట్ట ఫొటో పెడతారు. హమ్మింగ్ బర్డ్స్ అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా లేవు. మా ఇంటి ముందు ఎండాకాలంలో రూబీ త్రోటెడ్, బ్లాక్ చిన్డ్ రెండూ వస్తాయి. వాటిని చూశాక కూడా మన తేనెపిట్ట మగది ఎండలో ఊదా రంగులో మెరిసే తీరు చూస్తే దానికి ఏ మాత్రం తక్కువ కాదు అనిపిస్తుంది.

కొబ్బరాకు
మా వైపు కూకుడుగువ్వను చూపించి వడ్రంగిపిట్ట అంటారు. తల మీద కిరీటం, పొడుగు ముక్కు కనిపిస్తే చాలు. లకుముకిని చూసి పాలపిట్ట అనేవాళ్లైతే లెక్కలేనంత మంది.

సిద్దిపేట_సైకిల్
దసరాకు అది ప్రతిసారీ జరుగుతుంది. ఎర్ర ముక్కు, తెల్ల గొంతు, ముదురు గోధుమ తల ఉంటే లకుముకి. పాలపిట్ట ముక్కు నల్లగా ఉంటుంది, కూర్చుంటే మట్టి రంగులోనే కనిపిస్తుంది, ఎగిరితేనే రెక్కల్లో ఆ నీలం బయటపడుతుంది. దసరా రోజు చూడాలని పంజరంలో పెట్టి డబ్బులు తీసుకుని చూపించేవాళ్లను మాత్రం ఎవరూ ప్రోత్సహించకండి. రెక్కలు కట్టేసి తెస్తారు, చాలా పిట్టలు తర్వాత బతకవు. పొలం గట్ల మీద తీగలు చూసుకుంటూ వెళ్లండి, తెలంగాణలో ఇంకా కనిపిస్తాయి.

పిక్సెల్_బాబు
నా ఫొటో కూడా ఒకటి చూడండి. జూలైలో అనంతగిరి కొండల దగ్గర తీశాను. పచ్చటి చిన్న పిట్ట. యాప్ గ్రీనిష్ వార్బ్లర్ అంది. ఇది ఏఐతో మార్చలేదు, ప్రమాణం.

నల్లమల_నడక
తేదీయే సమాధానం చెబుతోంది. గ్రీనిష్ వార్బ్లర్ చలికాలపు అతిథి. జూలైలో అది ఉత్తరాదిన, హిమాలయాల వైపు పిల్లల్ని పెంచుకుంటూ ఉంటుంది. వికారాబాద్‌లో ఉండదు. మీ పిట్ట నెత్తి ఎర్రగా ఉంది, తోక పైకి లేచి ఉంది, ముక్కు పొడవు. టైలర్ బర్డ్, ఆకులు కుట్టి గూడు కట్టేది.

పిక్సెల్_బాబు
మరి ఇది? పోయిన జనవరిలో అమీన్‌పూర్ చెరువు దగ్గర తీశాను. మట్టి రంగు, చారలేవీ లేవు. తుంగలో దూరిపోతూ ఉంటే వెనక నుంచి దొరికింది.

నల్లమల_నడక
జనవరిలో ఇలాంటివి నాలుగైదు రకాలు రావచ్చు. బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అవకాశం ఎక్కువ. కానీ కంటి మీద తెల్ల గీత ఎంత దూరం వెళ్తుందో, ముక్కు పొడవు ఎంతో కనిపించాలి. వీపు ఒక్కటే ఉంది. పేరు పెట్టలేం.

కొబ్బరాకు
పేరు చెప్పలేనప్పుడు ఇక్కడ అడిగి ఏం లాభం? ఏదో ఒకటి అంచనాగా చెప్పొచ్చు కదా.

వేకువజాము
ఇక్కడ వేసిన అంచనాను ఎవరో ఒకరు ఈబర్డ్‌లో (ఎవరు ఎక్కడ ఏ పిట్టను చూశారో నమోదు చేసే సైట్) ఎక్కిస్తారు. దాన్ని చూసి ఫలానా చెరువుకు ఫలానా పిట్ట వస్తుందని ఇంకొకరు రాస్తారు. చెరువు కబ్జా మీద రేపు ఎవరైనా ఫిర్యాదు చేసేటప్పుడు ఆ జాబితానే ముందు పెడతారు. అందులో ఒక్క తప్పు పేరు దొరికినా ఎదుటివాళ్లు జాబితా మొత్తాన్ని కొట్టిపారేస్తారు. అమీన్‌పూర్‌ను 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తించారు. దాని వెనక అక్కడి పిట్టల రికార్డుల బలం ఉంది. అందుకే "చెప్పలేం" అనడానికి నేను ఏమాత్రం వెనకాడను. ఆ మాట చెప్పడానికి కూడా ఫొటో అంతా చూడాల్సిందే.

పిక్సెల్_బాబు
సరే, "వార్బ్లర్" అని మాత్రం రాసుకుంటాను. ఈ జనవరికి మళ్లీ వెళ్తాను, ఈసారి ముఖం కూడా తీస్తాను.

తెలుగుగంగ_గట్టు
కడప జిల్లా నుంచి రాస్తున్నాను. నిన్న రాత్రి బండి లైట్ల వెలుగులో రోడ్డు పక్క ఈ పిట్ట నిలబడి ఉంది. పెద్ద పసుపు కళ్లు, పొడుగు కాళ్లు. ఇది ఆ అరుదైన కలివికోడేనా? మా ఊళ్లో అందరూ అదే అంటున్నారు. బద్వేలు నుంచి వెళ్లే ఏ రోడ్డో కూడా రాయమంటే రాస్తాను.

నల్లమల_నడక
ముందుగా, రోడ్డు పేరు రాయకండి. ఇక్కడే కాదు, ఎక్కడా.

ఇప్పుడు పిట్ట. ఇది ఇండియన్ థిక్‌నీ. ఒళ్లంతా సన్నటి చారలు, కన్ను చాలా పెద్దది, సైజు కూడా పెద్దది, దాదాపు 40 సెంటీమీటర్లు. కలివికోడి 27 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఒంటి మీద చారలుండవు, బదులుగా రొమ్ము మీద రెండు పట్టీలు, మధ్యలో తెల్ల గీత, గొంతు కింద నారింజ మచ్చ ఉంటాయి. మీ ఫొటోలో రొమ్ము ఎదురుగా ఉంది, పట్టీలు లేవు.

ఇంకొందరు పగలు బీడు పొలాల్లో ఇండియన్ కోర్సర్‌ను చూసి కలివికోడి అంటారు. అది ఆరుబయట పరుగెత్తేది, రొమ్ము ఇటుక రంగు. కలివికోడి రాత్రి పిట్ట, ముళ్ల పొదల మధ్య తిరిగేది.

తెలుగుగంగ_గట్టు
రోడ్డు పేరు ఎందుకు రాయకూడదు? తెలిస్తేనే కదా కాపాడేది.

దమ్ముచేను
నాదీ అదే అనుమానం. దాచిపెడితే కాలువలు, రోడ్లు వేసేవాళ్లకు అక్కడ పిట్ట ఉందని ఎలా తెలుస్తుంది?

వేకువజాము
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కలివికోడి 1848 నుంచి శాస్త్రానికి తెలుసు. 1900 తర్వాత జాడ లేక అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర స్థానిక వేటగాళ్ల సాయంతో మళ్లీ దొరికింది. లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది దాని కోసమే. తర్వాత తెలుగుగంగ కాలువ తవ్వకం దాని పొదల్లోకి వచ్చినప్పుడు ఆపగలిగారంటే, పిట్ట ఎక్కడుందో చెప్పాల్సినవాళ్లకు చెప్పారు కాబట్టే.

చెప్పాల్సినవాళ్లు వేరు, అందరూ వేరు. అటవీ శాఖకు, దాని మీద పనిచేసేవాళ్లకు కచ్చితంగా చెప్పండి. బహిరంగంగా పెడితే మాత్రం మర్నాటి నుంచి కెమెరాలు, టార్చిలైట్లు, కూతలు ప్లే చేసే స్పీకర్లు వస్తాయి. పొదల్లో గూడు పెట్టుకున్న పిట్టకు అంతకంటే హింస లేదు. ఈబర్డ్ కూడా ఇలాంటి పిట్టల చోటును బయటికి చూపించదు. గుడ్లగూబల విషయంలోనూ ఇదే పాటించండి, దీపావళికి ముందు పూజల పేరుతో వాటిని పట్టుకోవడానికి వెతికేవాళ్లు ఉంటారు.

దమ్ముచేను
ఇలా అయితే ఒప్పుకుంటాను. శాఖకు చెప్పడం ముఖ్యం, అది మరిచిపోకూడదు.

తెలుగుగంగ_గట్టు
అర్థమైంది. ఊళ్లో థిక్‌నీ అని చెబుతాను. ఆ రోడ్డు మీద రాత్రి బండ్లు ఎక్కువయ్యాయి, దాన్ని గుద్దకుండా ఉంటే చాలు.

లెక్కల_మాస్టారు
గుడ్లగూబ అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. 2017లో విశాఖలో కడుతున్న భవనంలో దొరికిన పిల్లల వీడియో చూసి గ్రహాంతరవాసులు అని దేశమంతా పంచుకున్నారు. అవి బార్న్ ఔల్ పిల్లలు, ఈకలు రాక ముందు అలాగే ఉంటాయి. మా పిల్లలకు తరగతిలో ఆ వీడియో చూపించాను. మొదట భయపడ్డారు, తర్వాత "పాపం, వాళ్లమ్మ ఎక్కడుంది సార్" అని అడిగారు.

మంజీర_ఒడ్డు
నాకు ఒక సాయం కావాలి. దీన్ని ఈబర్డ్‌లో ఎలా ఎక్కించాలి? మొదటి ఫొటో రోజున ఏమని రాయాలి, శిక్రా అనీ రాయలేను, హాక్ కుకూ అనీ రాయలేను.

నల్లమల_నడక
ఆ రోజు జాబితాలో ఈ పిట్టను వదిలేయొచ్చు. రెండు, మూడు ఫొటోలు, అలాగే నాలుగు, ఐదు తీసిన రోజులకు కామన్ హాక్ కుకూ అని రాయండి. ఎంతసేపు చూశారో, ఎక్కడ నిలబడ్డారో రాయండి. అదే సమయంలో చూసిన కాకులు, గోరింకలు, పిచ్చుకలు కూడా రాయాలి. అరుదైన పిట్ట ఒక్కదాన్నే రాసిన జాబితా కంటే అన్నీ రాసిన జాబితాకే విలువ ఎక్కువ. చీకట్లో రికార్డు చేసిన కూతను దాని టైముతో వేరే జాబితాగా పెట్టండి.

మంజీర_ఒడ్డు
ఆడియో వాట్సాప్‌లో తమ్ముడికి పంపి, వాడి లాప్‌టాప్ నుంచి ఎక్కించొచ్చా?

దమ్ముచేను
వాట్సాప్ వద్దక్కా, నాణ్యత తగ్గిపోతుంది. ఫోను నుంచి కేబుల్‌తో అసలు ఫైలు తీసుకోండి. కుదిరితే వేవ్ ఫైలుగా ఎక్కించండి. మొదట్లో మీ గొంతుతో తేదీ, ఊరు చెప్పి ఉంటే ఆ ముక్క కత్తిరించకుండా చివర్లో పెట్టండి.

మంజీర_ఒడ్డు
కేబుల్ ఉంది. ఇవాళ రాత్రే చేస్తాను.